సెట్‌టాప్ బాక్సు తాళం లైనక్స్‌లో ఎందుకు తెరుచుకోదు, కేబుల్ బొమ్మను కోడిలోకి ఎలా తెచ్చుకోవాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. హన్మకొండ నయీంనగర్‌లో ఇల్లు, లోకల్ కేబుల్ కనెక్షన్, హాల్లో సెట్‌టాప్ బాక్సు. చిన్న పీసీ మీద డెబియన్ (ఒక లైనక్స్ రకం), టీవీహెడ్‌ఎండ్ (చానెళ్లను పట్టి రికార్డు చేసే సర్వర్), కోడి (వాటిని తెర మీద చూపించే ప్లేయర్) నడుస్తున్నాయి. డీవీబీ-సీ (డిజిటల్ కేబుల్) యూఎస్‌బీ ట్యూనర్ కొని కేబుల్ తగిలిస్తే స్కాన్‌లో మూడు వందలకు పైగా చానెళ్ల పేర్లు వచ్చాయి. ఏది నొక్కినా నల్ల తెర, లాగ్‌లో ‘స్క్రాంబుల్డ్’ (గుప్తీకరించి తాళం వేశారు) అనే మాట. ట్యూనర్ మార్చాలా, డ్రైవర్ మార్చాలా, లేక ఏదైనా ప్లగిన్ ఉందా?

మూడూ అక్కర్లేదు. పేర్లు వచ్చాయంటే మీ ట్యూనర్, డ్రైవర్, ఫర్మ్‌వేర్, కేబుల్ సిగ్నల్ అన్నీ బాగున్నట్టే. మన కేబుల్ లైన్లలో ఒక్కో 8 మెగాహెర్ట్జ్ వాహకం మీద, 64 క్వామ్ (సిగ్నల్ మీద డేటాను ఎక్కించే పద్ధతి)లో, సెకనుకు 6,875 కిలోసింబళ్ల వేగంతో వస్తే అందులో దాదాపు 38 మెగాబిట్ల స్ట్రీము ఉంటుంది. 256 క్వామ్ అయితే 50 మెగాబిట్ల పైచిలుకు. ఆ స్ట్రీములో చానెళ్ల జాబితా, పేర్లు, ఏ చానెల్ ఏ పిడ్ (ప్యాకెట్ గుర్తింపు సంఖ్య) మీద ఉందో చెప్పే పట్టికలు తాళం లేకుండానే వస్తాయి. వాటికి తాళం వేస్తే సెట్‌టాప్ బాక్సే దారి తెలుసుకోలేదు. తాళం పడేది బొమ్మ, ధ్వని ప్యాకెట్లకే. ఒక్కో ప్యాకెట్ 188 బైట్లు. దాని ముందు భాగంలోని రెండు బిట్లు సున్నా సున్నా అయితే తెరిచి ఉన్నట్టు, ఒకటి సున్నా లేదా ఒకటి ఒకటి అయితే తాళం పడినట్టు. టీవీహెడ్‌ఎండ్ ఆ బిట్లు చూసే మీకు ‘స్క్రాంబుల్డ్’ అని రాసింది.

ఆ తాళం తెరిచే చెవిని కంట్రోల్ వర్డ్ అంటారు. 64 బిట్ల సంఖ్య, సాధారణంగా పది సెకన్లకోసారి మారిపోతుంది. ఆ సంఖ్యను మళ్లీ గుప్తీకరించి ఈసీఎం అనే సందేశంగా చానెల్‌తో పాటే పంపుతారు. మీ బాక్సుకు ఈ నెల ఏ ప్యాకేజీకి హక్కుందో చెప్పేది ఈఎంఎం అనే ఇంకో సందేశం. రీచార్జి చేశాక కేబుల్ ఆఫీసు వాళ్లు “బాక్సు ఆన్‌లో పెట్టి పది నిమిషాలు ఆగండి” అనేది ఇది అందడానికే. ఈసీఎంను విప్పగలిగే రహస్యం బాక్సులోని స్మార్ట్ కార్డులోనో, కార్డు లేని బాక్సుల్లో ప్రాసెసర్ చిప్పులోనో ఉంటుంది. మీ లైన్లో ఏ కంపెనీ తాళం వాడుతున్నారో తెలుసుకోవాలని ఉంటే టీఎస్‌డక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆ స్ట్రీములోని క్యాట్ (ఏ తాళం వాడారో చెప్పే) పట్టిక చూడండి. షోడశాంశ (హెక్సాడెసిమల్) గుర్తింపు సంఖ్య 09తో మొదలైతే ఎన్‌డీఎస్, 0బి00 అయితే కోనాక్స్, 06 అయితే ఇర్డెటో, 18 అయితే నాగ్రావిజన్, 56 అయితే వెరిమాట్రిక్స్. పేరు తెలిసినంత మాత్రాన పని జరగదు గానీ, కుతూహలం తీరుతుంది.

ఇంటర్నెట్‌లో దొరికే గైడ్లు చాలామందిని తప్పుదారి పట్టిస్తాయి. అమెరికా వాళ్లు రాసినవాటిలో ‘క్లియర్ క్వామ్’ (తాళం లేని కేబుల్ చానెళ్లు) అని, ‘కేబుల్‌కార్డ్’ అని కనిపిస్తాయి. కేబుల్‌కార్డ్ అనేది ఆపరేటర్ ఇచ్చే కార్డును సొంత ట్యూనర్లో పెట్టుకునే ఏర్పాటు. అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నియమం వల్ల పుట్టింది, ఆ నియమాన్నే 2020లో తీసేశారు. అది ఉన్నప్పుడు కూడా లైనక్స్‌లో ‘ఎన్నిసార్లైనా కాపీ చేసుకోవచ్చు’ అని గుర్తు ఉన్న చానెళ్లే ఆడేవి. పైగా వాళ్ల కేబుల్ సిగ్నల్ కూర్పు అనెక్స్ బీ అనే పద్ధతి, మనది అనెక్స్ ఏ. ఇక మన దగ్గర తాళం లేని చానెళ్లు ఎందుకు దొరకవంటే దానికి చట్టమే కారణం. 1995 నాటి కేబుల్ టెలివిజన్ చట్టానికి 2011లో సవరణ చేసి 4ఏ సెక్షన్‌ను మార్చారు. దాని ప్రకారం డిజిటల్ అడ్రెసబుల్ (ఒక్కో బాక్సును విడిగా అదుపు చేసే) విధానం వచ్చిన ప్రతి ఊళ్లో ఏ చానెలైనా ఎన్‌క్రిప్ట్ చేసే పంపాలి. ఉచిత చానెలైన డీడీ యాదగిరి కూడా మీ ట్యూనర్లో నల్లగా ఉండేది అందుకే. ఎక్కడైనా కేబుల్ ఆఫీసు సొంతంగా నడిపే సిటీ చానెల్ ఒకటి రెండు తాళం లేకుండా దొరకవచ్చు. టీవీహెడ్‌ఎండ్ సర్వీసుల పట్టికలో ‘ఎన్‌క్రిప్టెడ్’ గడి ఖాళీగా ఉన్నవి వేరుచేసి చూసుకోండి.

కార్డు రీడర్లో స్మార్ట్ కార్డు పెట్టి సాఫ్ట్‌వేర్‌తో తెరవడం, కార్డును నెట్ మీద పంచుకోవడం లాంటివి చేయమని చెప్పేవాళ్లు దొరుకుతారు. వద్దు. సాంకేతికంగా చూసినా ఇప్పటి కార్డులు ఆ ఒక్క బాక్సు చిప్పుతో జతకట్టి ఉంటాయి, చాలా బాక్సుల్లో అసలు కార్డే ఉండదు. కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 65ఏ సెక్షన్ ప్రకారం హక్కుల ఉల్లంఘన ఉద్దేశంతో ఇలాంటి సాంకేతిక రక్షణను ఛేదిస్తే రెండేళ్ల దాకా జైలు. కామ్ మాడ్యూల్ (ట్యూనర్లో గుచ్చితే తాళం తీసే ముక్క) ఆలోచన కొంత మెరుగు. ట్యూనర్లో కామన్ ఇంటర్‌ఫేస్ స్లాటు ఉండి, ఆపరేటర్ అధీకృతంగా మాడ్యూల్ ఇస్తే లైనక్స్‌లో చక్కగా పనిచేస్తుంది. కానీ సీఐ ప్లస్ రకం మాడ్యూలైతే ఎదుటి యంత్రంలో లైసెన్సు పొందిన ధ్రువపత్రం ఉండాలి, అది టీవీల్లో ఉంటుంది, మన పీసీ కార్డుల్లో ఉండదు. కేబుల్ ఆఫీసులో ఒకసారి అడిగి చూడండి, “అదేంటి సార్” అంటే అక్కడితో వదిలేయండి.

కాబట్టి దారి ఒక్కటే. తాళం తీసే పని బాక్సుకే వదిలి, తీశాక బయటికొచ్చే బొమ్మను లైనక్స్‌లోకి తెచ్చుకోవాలి, చానెల్ మార్చే పని లైనక్స్ చేయాలి. కొంచెం పాతకాలపు పద్ధతే, అయినా ఏళ్ల తరబడి నిలబడేది ఇదే.

బాక్సు వెనక రెండు దారులుంటాయి. హెచ్‌డీఎంఐ, ఏవీ. హెచ్‌డీఎంఐ మీద హెచ్‌డీసీపీ అనే ఇంకో తాళం ఉంటుంది. ఎదుటి పరికరం లైసెన్సు చెవి చూపిస్తేనే బాక్సు బొమ్మ ఇస్తుంది. నియమం పాటించే క్యాప్చర్ (బొమ్మను కంప్యూటర్లోకి పట్టే) పరికరం ఆ చెవి చూపించదు, మీకు నల్ల తెరో హెచ్చరిక అక్షరాలో వస్తాయి. హెచ్‌డీసీపీని తీసేస్తాయని అమ్మే స్ప్లిట్టర్ల సంగతి పైన చెప్పిన 65ఏ కిందికే వస్తుంది, వాటి మీద ఇల్లు కట్టుకోవద్దు. మీ ఆపరేటర్ హెచ్‌డీసీపీ పెట్టకపోతే మాత్రం మాక్రోసిలికాన్ చిప్పున్న చిన్న క్యాప్చర్ స్టిక్కు చాలు. ఎల్ఎస్‌యూఎస్‌బీ (తగిలించిన యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ఆజ్ఞ)లో 534డి:2109 అని కనిపిస్తుంది. ప్రత్యేక డ్రైవర్ అక్కర్లేదు, వెబ్‌క్యామ్‌లాగే కనిపిస్తుంది. ఎంజేపెగ్ అనే కుదించిన వీడియో రూపం ఎంచుకోకపోతే 1080 గీతల వద్ద సెకనుకు 5 ఫ్రేములే ఇస్తుంది, చాలామంది ఇక్కడే “స్టిక్కు పాడైంది” అనుకుంటారు. ధ్వని 96 కిలోహెర్ట్జ్ మోనో అని చెప్పుకుంటుంది గానీ నిజానికి 48 కిలోహెర్ట్జ్ స్టీరియో. కొత్త కెర్నెల్ (లైనక్స్ మూలభాగం) దాన్ని తానే సరిచేస్తుంది. పాత కెర్నెల్ అయితే ఎడమ, కుడి ధ్వనులు కలగాపులగం అవుతాయి.

ఏవీ దారిలో ఈ గొడవ లేదు. బొమ్మ పాల్ (మన పాత టీవీ ప్రమాణం) పద్ధతిలో 720 అడ్డం, 576 నిలువు. సెకనుకు 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేము రెండు సగాలుగా. వార్తలకు, సీరియళ్లకు, పాత సినిమాలకు నిశ్చింతగా సరిపోతుంది. క్రికెట్‌లో బంతి కనిపించక విసుగొస్తుంది, ఆ రోజుకు బాక్సును నేరుగా టీవీకి పెట్టుకుని చూడండి.

ఏవీ క్యాప్చర్ స్టిక్కు కొనేటప్పుడు పైన రాసిన పేరు చూసి మోసపోవద్దు. ఒకే ప్లాస్టిక్ డబ్బాలో నాలుగు రకాల చిప్పులు వస్తాయి. 1బి71:3002 అని గుర్తింపు వస్తే యూఎస్‌బీటీవీ డ్రైవర్, 05ఇ1:0408 అయితే ఎస్‌టీకే1160 డ్రైవర్, ఈఎం28ఎక్స్ఎక్స్ రకమైతే దాని పేరు గల డ్రైవర్, మూడూ కెర్నెల్లోనే ఉన్నాయి. 1సి88తో మొదలయ్యే సోమాజిక్ రకం వస్తే వెనక్కిచ్చేయండి, దానికి కెర్నెల్లో డ్రైవర్ లేదు. దుకాణంలోనే ల్యాప్‌టాప్‌కు పెట్టి చూడనిస్తే ఇంకా మేలు.

బాక్సు ఏవీ సాకెట్ చాలావరకు 3.5 మిల్లీమీటర్ల రంధ్రం, హెడ్‌ఫోన్ పిన్ను లాంటిది. అందులో నాలుగు వలయాల వరుస కంపెనీకో తీరు. బొమ్మకు బదులు బర్రుమనే శబ్దం, ధ్వని తీగలో బొమ్మ వస్తే తీగ పాడైనట్టు కాదు. పసుపు పిన్నును ఎరుపు స్థానంలోనో తెలుపు స్థానంలోనో పెట్టి చూడండి. మూడు అమరికల్లో ఒకదానికి సర్దుకుంటుంది. మూడింటికీ సర్దుకోకపోతే ఆ తీగలో నేల (గ్రౌండ్) వలయం స్థానం వేరు, అప్పుడు బాక్సుతో వచ్చిన తీగే కావాలి.

బొమ్మ నలుపు తెలుపుగా వచ్చి పైకి పాకుతుంటే పద్ధతి ఎన్‌టీఎస్‌సీ (అమెరికా పాత టీవీ ప్రమాణం)లో ఉంది, పాల్‌కు మార్చండి. మనుషులు సన్నగా సాగినట్టు కనిపిస్తే బాక్సు మెనూలో టీవీ రకం 16:9 పెట్టి, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ (క్యాప్చర్ అయిన బొమ్మను కుదించే ప్రోగ్రాం)లో కూడా నిష్పత్తి 16:9 అని చెప్పాలి. రెండింట్లో ఒక్కటే మార్చితే కుదరదు. కదిలే అంచుల దగ్గర దువ్వెన పళ్లలా గీతలు కనిపిస్తే రెండు సగాలను కలపలేదని అర్థం, బీడబ్ల్యూడిఫ్ ఫిల్టర్ పెట్టి 50 ఫ్రేములుగా విడదీయండి. టిక్కర్ అక్షరాలు పరిగెత్తే వార్తా చానెళ్లలో తేడా వెంటనే తెలుస్తుంది. ధ్వని విడిగా ఇంకో సౌండ్ కార్డుగా వస్తుంది. గంట గడిచేసరికి పెదాలకూ మాటకూ పొంతన తప్పడం ఈ స్టిక్కుల జబ్బు, ఎందుకంటే బొమ్మ గడియారం, ధ్వని గడియారం వేర్వేరు. ధ్వనికి అసింక్ విలువ 1 ఇచ్చిన ఏరీశాంపుల్ ఫిల్టర్ పెడితే సర్దుకుంటుంది.

యంత్రం ఏదైనా ఈ కొలతకు చాలు, కానీ ఒక మాట. రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డులో హెచ్.264 (వీడియోను కుదించే) ఎన్‌కోడర్ హార్డ్‌వేర్లోనే ఉంది, పై 5లో తీసేశారు. అందుకని ఈ ఒక్క పనికి పాతదే మేలు. ఇంటెల్ ఎన్100 లాంటి చిన్న పీసీ అయితే వీఏ-ఏపీఐ (గ్రాఫిక్స్ చిప్పును వాడుకునే లైనక్స్ ఏర్పాటు) ద్వారా ఎన్‌కోడ్ చేయించండి. సెకనుకు 2.5 మెగాబిట్లు ఇస్తే బొమ్మ శుభ్రంగా ఉంటుంది, గంట రికార్డింగు దాదాపు 1.1 గిగాబైట్లు.

ఇక అసలు చిక్కు చానెల్ మార్చడం. బాక్సు రిమోట్ చేసే పనిని పీసీ చేయాలి. రాస్ప్‌బెర్రీ పై అయితే జీపీఐఓ కాలుకు (బోర్డు మీది అదుపు పిన్నుకు) నేరుగా ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీ కలపకండి. ఆ కాలు 16 మిల్లీఆంపియర్లకు మించి ఇవ్వలేదు, రిమోట్‌కు దాదాపు 100 కావాలి. 5 వోల్టుల నుంచి 33 ఓమ్ రెసిస్టర్, తర్వాత 940 నానోమీటర్ల ఎల్ఈడీ, అక్కడి నుంచి 2ఎన్2222 ట్రాన్సిస్టర్ కలెక్టర్, ఎమిటర్ నేలకు, బేస్‌కు 1 కిలోఓమ్ ద్వారా జీపీఐఓ. బూట్ కాన్ఫిగ్‌లో జీపీఐఓ-ఐఆర్-టీఎక్స్ ఓవర్లే పెట్టి పిన్ను సంఖ్య చెప్పాలి. పీసీ అయితే ఇన్ని తీగలు ఎందుకని ఈఎస్‌పీ8266 అనే చిన్న వైఫై బోర్డు మీద టాస్మోటా ఐఆర్ ఫర్మ్‌వేర్ వేసుకుని వైఫై మీద ఆజ్ఞ పంపేవాళ్లున్నారు, అదీ బాగానే నడుస్తుంది. అక్కడ కూడా ట్రాన్సిస్టర్ తప్పదు.

రిమోట్ సంకేతాలు నేర్చుకోవడానికి వీఎస్1838బీ రిసీవర్ ఒకటి కావాలి. డెబియన్‌లో ఐఆర్-కీటేబుల్ అనే ప్రోగ్రాం అదే పేరు గల ప్యాకేజీలో ఉంటుంది. అన్ని ప్రోటోకాళ్లూ తెరిచి పరీక్ష మోడ్‌లో రిమోట్ నొక్కితే ఏ ప్రోటోకాల్, ఏ సంఖ్య అని చెప్పేస్తుంది. గుర్తుపట్టకపోతే వీ4ఎల్-యుటిల్స్ ప్యాకేజీలోని ఐఆర్-సీటీఎల్‌తో ముడి కాలవ్యవధులు ఒక్కో బటన్‌కు ఒక్కో ఫైల్‌గా దాచి, తర్వాత అవే తిరిగి పంపొచ్చు. ఎక్కువ బాక్సుల్లో ఎన్ఈసీ ప్రోటోకాల్, 38 కిలోహెర్ట్జ్ ఉంటుంది. అంకెకు అంకెకు మధ్య 300 మిల్లీసెకన్లు ఆపండి. తొందరపడితే 144 నొక్కినప్పుడు రెండో నాలుగును బాక్సు ‘వేలు తీయలేదు’ అనుకుని మింగేస్తుంది, 14వ చానెల్ పెడుతుంది. ఆర్‌సీ5 రకం రిమోట్లలో ఎంత ఆపినా ఇదే జరిగితే టోగుల్ బిట్ (ప్రతి కొత్త నొక్కుకూ మారాల్సింది) మారడం లేదన్నమాట. ఒకే అంకె రెండోసారి పంపేటప్పుడు ఆ బిట్ తిప్పిన రెండో ఫైల్ పంపాలి. చివర్లో ఓకే బటన్ పంపితే బాక్సు రెండు సెకన్లు ఎదురుచూడకుండా వెంటనే మారుతుంది. ఎల్ఈడీని బాక్సు ముందుభాగంలోని నల్ల అద్దానికి అంటించి, పైన ఇన్సులేషన్ టేపు వేయండి. పిల్లలు అసలు రిమోట్‌తో రికార్డింగు మధ్యలో చానెల్ మార్చే బాధ కూడా దాంతో పోతుంది.

పవర్ బటన్ జోలికి పోవద్దు. అది ఆన్‌కూ ఆఫ్‌కూ ఒకటే సంకేతం, బాక్సు ఏ స్థితిలో ఉందో పీసీకి తెలియదు. బాక్సును ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచి, మెనూలో ఆటో స్టాండ్‌బై తీసేయండి. చాలా బాక్సులు నాలుగు గంటలు ఏ బటనూ నొక్కకపోతే నిద్రపోతాయి. ఇంకోటి, కరెంటు పోయి వచ్చాక బాక్సు పాత చానెల్‌కు రాదు. ఆపరేటర్ పెట్టిన ల్యాండింగ్ చానెల్ మీద నిలబడుతుంది, కొన్నిట్లో ప్రకటన తెర మీద ఆగి ఓకే కోసం చూస్తుంది. చానెల్ మార్చే స్క్రిప్టులో అంకెల కంటే ముందు ఒక ఎగ్జిట్ సంకేతం పంపడం అందుకే.

టీవీహెడ్‌ఎండ్‌లో దీన్ని ఐపీటీవీ (ట్యూనర్ నుంచి కాక స్ట్రీముగా వచ్చే టీవీ) నెట్‌వర్క్‌గా పెట్టాలి. ఒక్కో చానెల్‌కు ఒక్కో మక్స్ (స్ట్రీము వచ్చే మూలం), యూఆర్ఎల్ స్థానంలో పైప్ అని మొదలుపెట్టి మీ స్క్రిప్టు దారి, పక్కన చానెల్ నంబరు. స్క్రిప్టు ముందు ఇన్‌ఫ్రారెడ్ అంకెలు పంపి, రెండు మూడు సెకన్లు ఆగి, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ను మొదలుపెట్టి ఎంపెగ్ ట్రాన్స్‌పోర్ట్ స్ట్రీమును స్టాండర్డ్ అవుట్‌పుట్‌కు పంపుతుంది. ఇందులో నాలుగు చోట్ల జనం ఇరుక్కుంటారు. నెట్‌వర్క్ సెట్టింగులో గరిష్ఠ ఇన్‌పుట్ స్ట్రీముల సంఖ్య 1 పెట్టకపోతే, రికార్డింగు నడుస్తుండగా ఎవరో కోడిలో ఇంకో చానెల్ నొక్కితే బాక్సు మారిపోతుంది, రికార్డింగులో సగం సీరియల్ సగం క్రికెట్ ఉంటుంది. ఒకటి పెడితే రెండోవాళ్లకు ‘ఖాళీ ట్యూనర్ లేదు’ అని వస్తుంది, అదే న్యాయం. గరిష్ఠ నిరీక్షణ సమయం మొదట 15 సెకన్లు ఉంటుంది. అంకెలు, బాక్సు ట్యూనింగు, ఎన్‌కోడర్ మొదలవడం అన్నీ కలిసి దాన్ని దాటే యంత్రాల్లో 30 చేయండి. ఖాళీగా ఉన్నప్పుడు మక్స్‌లను స్కాన్ చేసే ఐచ్ఛికం మూసేయండి, లేకపోతే అర్ధరాత్రి బాక్సు తనంతట తాను చానెళ్లన్నీ తిప్పుకుంటూ కూర్చుంటుంది. ఇక ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అన్ని స్ట్రీములకూ ఒకటే సర్వీస్ సంఖ్య ఇస్తుంది, చానెల్ నంబరునే సర్వీస్ సంఖ్యగా, చానెల్ పేరును సర్వీస్ పేరుగా పంపితే తర్వాత జత కలపడం తేలిక.

వీడియో పరికరం సంఖ్య రీబూట్‌కు మారుతుంది. వీడియో0 అని రాయకుండా డెవ్ కింద వీ4ఎల్ ఫోల్డర్‌లోని బై-ఐడీ పేరు వాడండి. సౌండ్ కార్డుకూ అంతే, సంఖ్య కాకుండా పేరు.

మీరు కొన్న డీవీబీ-సీ ట్యూనర్ వృథా కాలేదు. చానెళ్ల బొమ్మకు తాళం ఉన్నా కార్యక్రమాల పట్టిక, అంటే ఈఐటీ, చాలాచోట్ల తెరిచే వస్తుంది. సర్వీసులను చానెళ్లకు జతచేసేటప్పుడు ఎన్‌క్రిప్టెడ్ వాటినీ జతచేయమని ఆ గడి టిక్కు పెట్టండి. పట్టిక వస్తే దాన్నే మీ ఐపీటీవీ చానెళ్లకు అంటించుకోవచ్చు, రాత్రి తొమ్మిది గంటల సీరియల్‌కు పేరుతోనే రికార్డింగు పెట్టొచ్చు. పట్టిక ఇచ్చే ఏ ఎక్స్‌ఎంఎల్‌టీవీ సైటూ వెతుక్కోనక్కర్లేదు. ట్యూనర్, బాక్సు రెండింటికీ ఒకే కేబుల్ కావాలి గనుక రెండు దారుల స్ప్లిట్టర్ పెడతారు, దాంతో 3.5 నుంచి 4 డెసిబెళ్లు పోతాయి. ఆర్‌జీ6 తీగ పై పౌనఃపున్యాల్లో వంద మీటర్లకు 18 డెసిబెళ్ల దాకా తింటుంది. అప్పటిదాకా బాగున్న బాక్సులో కొన్ని చానెళ్లే గళ్లు గళ్లుగా వస్తే కారణం ఇదే. 256 క్వామ్ వాహకాలు ముందు చెడతాయి, వాటికి ఎంఈఆర్ (సిగ్నల్ శుభ్రత కొలత) 32 డెసిబెళ్ల చుట్టూ ఉండాలి, 64 క్వామ్ 28కే సుఖంగా నడుస్తుంది. బూస్టర్ కొనకముందు తీగ చివరి ఎఫ్ కనెక్టర్లు విప్పి చూడండి. మన ఊళ్లో స్తంభం నుంచి మేడ మీదికి వచ్చే తీగను కోతులు లాగడం, ఆ తర్వాత వానకు కనెక్టర్లో నీళ్లు దిగడం మామూలే. లోపలి రాగి తీగ పచ్చబడితే అంగుళం కోసి కొత్త కనెక్టర్ వేయండి.

కరెంటు విషయం ఆటలాడేది కాదు. బాక్సు అడాప్టర్‌కు ఎర్త్ కాలు ఉండదు, దాని లోహ భాగం మీద సన్నటి లీకేజీ నిలుస్తుంది, తాకితే జివ్వుమంటుంది. పీసీ చట్రం ఎర్త్‌తో ఉంటుంది. రెండూ ఆన్‌లో ఉండగా ఏవీ పిన్ను గుచ్చితే ఆ మొదటి నిప్పురవ్వకే క్యాప్చర్ స్టిక్కు పోవచ్చు. అన్ని తీగలూ ముందు కలిపి, చివర్లో స్విచ్ వేయండి. కేబుల్ లైన్లోని ఆంప్లిఫయర్లకు తీగలోనే కరెంటు పంపుతారు, ఎక్కడైనా ఎర్త్ సరిగా లేకపోతే ఆ వోల్టేజీ మీ ఇంటి కేబుల్ పైతొడుగు మీద తేలుతుంది. మల్టీమీటర్‌తో తొడుగుకూ ఇంటి ఎర్త్‌కూ మధ్య ఏసీ కొలవండి. 20 వోల్టులకు పైగా చూపిస్తే లైన్‌మన్‌ను పిలిపించండి. ఎలాగైనా పీసీ వైపు వెళ్లే తీగలో గాల్వానిక్ ఐసొలేటర్ (సిగ్నల్‌ను పోనిచ్చి కరెంటును ఆపేది) ఒకటి పెట్టడం మంచిది. ఎండాకాలం సాయంత్రపు గాలిదుమారాలకు ముందు కేబుల్ పిన్ను తీసేసే అలవాటు వరంగల్‌లో అందరికీ ఉన్నదే, ఆ జాబితాలో ఇక ట్యూనర్‌నూ చేర్చండి.

ఇంత చేశాక కూడా ఒక బాక్సుకు ఒకే చానెల్. ఒకేసారి రెండు కావాలంటే రెండో బాక్సు, రెండో స్టిక్కు. అదే ఇంట్లో రెండో కనెక్షన్‌కు నెట్‌వర్క్ ఫీజు మొదటిదాంట్లో 40 శాతం మించరాదని ట్రాయ్ 2020లో చెప్పింది. 2024 సవరణతో ఫీజు పరిమితి ఎత్తేశారు కాబట్టి ఇప్పుడు ఆఫీసువాళ్లు ఎంతంటే అంత, బేరమాడుకోవాల్సిందే.

అందుకే నా సలహా, రెండో బాక్సుకు పోకముందు డీడీ ఫ్రీ డిష్ చూడండి. అందులో తాళం లేని చానెళ్లు లైనక్స్‌లో నేరుగా ఆడతాయి. డీవీబీ-ఎస్2 (ఉపగ్రహ సిగ్నల్) ట్యూనర్ కావాలి, డీవీబీస్కై ఎస్960కు డ్రైవర్ కెర్నెల్లోనే ఉంది, చాలా టీబీఎస్ కార్డులకు ఆ కంపెనీ డ్రైవర్ విడిగా కట్టుకోవాలి, కెర్నెల్ మారిన ప్రతిసారీ మళ్లీ కట్టుకోవాలి. ఉపగ్రహం జీశాట్-15, తూర్పు 93.5 డిగ్రీలు. వరంగల్ నుంచి చూస్తే ఉత్తరం నుంచి లెక్కించి 141 డిగ్రీల దిశ, అంటే ఆగ్నేయానికి కాస్త దక్షిణంగా, ఆకాశంలో దాదాపు 63.5 డిగ్రీల ఎత్తు. ఆఫ్‌సెట్ డిష్ కాబట్టి పళ్లెం అంతకంటే చాలా కిందికి చూస్తున్నట్టు కనిపిస్తుంది, దాన్ని చూసి ఇంకా పైకెత్తకండి. ఎల్ఎన్‌బీని (డిష్ ముందుండే రిసీవర్ తలను) సుమారు 36 డిగ్రీలు మెలిపెట్టాలి, ఎటువైపో సిగ్నల్ నాణ్యత చూస్తూ రెండు వైపులా తిప్పితే తెలిసిపోతుంది. 60, 65 సెంటీమీటర్ల డిష్ చాలు. టీవీహెడ్‌ఎండ్‌లో ఎల్ఎన్‌బీ రకం యూనివర్సల్, సింబల్ రేటు 29,500. పాత ఎంపెగ్-2 చానెళ్లు డీవీబీ-ఎస్, ఎంపెగ్-4 చానెళ్లు డీవీబీ-ఎస్2. ఏదో ఒకటే పెట్టి స్కాన్ చేసి “సగమే వచ్చాయి” అనుకోవద్దు. తెలుగు ఎక్కువ ఉండదు, డీడీ యాదగిరి, సప్తగిరి వస్తాయి, హిందీ సినిమాలు బోలెడు. జడివానలో పది నిమిషాలు పోతుంది, ఈ ఉపగ్రహం వాడే కేయూ బ్యాండ్ పౌనఃపున్యాల స్వభావమే అంత.

వార్తల కోసమే ఈ తంటా అయితే వీ6, టీ న్యూస్, టీవీ9 లాంటివి యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా ఇస్తూనే ఉన్నాయి. కోడి యూట్యూబ్ యాడాన్‌తో అవి ఏ బాక్సూ అడగవు. బాక్సు గంటలు సీరియళ్లకూ సినిమాలకూ మిగుల్చుకోండి.

రికార్డింగుల గురించి రెండు మాటలు. అప్పుడప్పుడు తెర మీద ఒక పొడుగాటి సంఖ్య మెరిసి పోతుంది. అది ఫింగర్‌ప్రింట్, మీ బాక్సు గుర్తింపు సంఖ్య. ఆపరేటర్లు దీన్ని చూపించే ఏర్పాటు తప్పనిసరిగా ఉండాలి, కంటికి కనిపించని రకం కూడా ఉంది. మీ రికార్డింగులో అదీ పడుతుంది. ఇంట్లో చూసుకున్నంత వరకు పర్లేదు, ఫైల్ బయటికి పోతే ఎవరి బాక్సు నుంచి పోయిందో వెతకనక్కర్లేదు. ఇక నెల ప్యాకేజీ అయిపోయిన రోజు బాక్సు బొమ్మకు బదులు ‘రీచార్జి చేయండి’ అనే తెర ఇస్తుంది, టీవీహెడ్‌ఎండ్‌కు అదీ చక్కటి వీడియోనే, గంటల తరబడి దాన్నే రికార్డు చేస్తుంది, లాగ్‌లో ఒక్క తప్పు కూడా ఉండదు. రీచార్జి తేదీకి ఒకరోజు ముందు ఫోనుకో కోడి తెరకో సందేశం వచ్చేలా క్రాన్ (అనుకున్న సమయానికి పనులు నడిపే లైనక్స్ ఏర్పాటు)లో ఒక వరుస రాసుకోండి.